కొండకు ఇవతల టీవీ

(తిరుపతిలో జర్నలిజం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అట్లాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినబడుతోందా? సరే, మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

నవంబరు 21ని ప్రపంచ టెలివిజన్ దినంగా ఐక్యరాజ్యసమితి 1996లో ప్రకటించింది. ఆ పేరు చెప్పి నన్ను పిలిచారు. బ్యానర్ మీద ‘రాష్ట్రంలో టెలివిజన్ రాక, ఎదుగుదల’ అని రాయించారు. రాష్ట్రం మొత్తాన్ని నేను మొయ్యలేను గానీ, తిరుపతిలో నిలబడి చూస్తే ఆ కథ ఎట్లా కనిపిస్తుందో చెప్తాను. ఇక్కణ్ణుంచి చూస్తే కొంచెం వేరేగానే ఉంటుంది.

మామూలుగా తెలుగు టీవీ చరిత్రను 1975 ఆగస్టు 1 నుంచి మొదలుపెడతారు. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన దేశం ఒక్క ఏడాదికి వాడుకోవడానికి తీసుకుంది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెల్లో, బడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో ఒక టీవీ పెట్టి, కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప వలతో గొడుగు లాంటి యాంటెన్నా కట్టి, ఉపగ్రహం నుంచి నేరుగా బొమ్మ దించారు. సైట్ అని పేరు పెట్టిన ప్రయోగం అదే. ఆ ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. కార్యక్రమాలు తయారుచెయ్యడానికి హైదరాబాదులో ఒక కేంద్రం పెట్టారు. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. ఒక్కసారి ఆలోచించండి, మద్రాసు, కలకత్తా లాంటి మహానగరాలకు టీవీ వచ్చిన నెలలోనే, కరెంటు సరిగా లేని పల్లెలకు ఉపగ్రహం టీవీ వచ్చింది. 1976 జులై 31తో గడువు అయిపోయింది. అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరిపేసుకుంది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. పుస్తకాల్లో ఉండే వరస ఇది.

ఈ వరసలో మనం లేము. తిరుపతి ఎక్కడుందో చూడండి. ఉత్తరాన శేషాచలం గోడ కట్టినట్లు నిలబడి ఉంది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. టీవీ తరంగాలు దాదాపు చూపు పోయినట్లు పోతాయి, మధ్యలో కొండ అడ్డం వస్తే దాటలేవు. హైదరాబాద్ ఆ కొండకు అవతల ఎక్కడో, రోడ్డు లెక్కలో ఐదు వందల కిలోమీటర్ల పైన. అదే దక్షిణం, తూర్పు వైపు చూడండి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మద్రాసు దాకా పోతే రోడ్డు మీద నూట నలభై కిలోమీటర్లు కూడా లేదు. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలైంది. అంటే హైదరాబాద్ కేంద్రం కంటే రెండేళ్లు ముందే, హైదరాబాదు వాళ్లకన్నా ముందే, మన జిల్లా తూర్పు పక్క మిద్దెల మీద యాంటెన్నాలు లేచాయి. అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండేవి. మద్రాసు దిక్కుకు.

ఆ యాంటెన్నాలు ఇప్పుడు మీరు చూడాలన్నా దొరకవు. రెండు మూడు జీఐ పైపులు ఒకదానిలో ఒకటి దిగ్గొట్టి, నాలుగు పక్కలా తీగలు లాగి కట్టేవాళ్లు. పైన అల్యూమినియం పుల్లలు. మామూలు యాంటెన్నాకు ఐదారు పుల్లలు చాలు, ఇక్కడ దూరం కాబట్టి ఇంకా ఎక్కువ. కింద బూస్టర్ డబ్బా. నల్లగా చదునుగా ఉండే ఫీడర్ వైరు కిటికీలోంచి లోపలికి. వర్షం వెలిసిన సాయంత్రం బొమ్మ అద్దంలా వస్తుంది, మరుసటి రోజు చుక్కలు చుక్కలుగా వస్తుంది, ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. దీనికి తోడు మన కోతులు. రాష్ట్రంలో ఏ ఊరి టీవీ చరిత్రలోనూ కోతులకు ఇంత చోటు ఉండదు. (నవ్వులు) యాంటెన్నా పట్టుకుని ఊగి, మద్రాసు వైపున్నదాన్ని కడప వైపు తిప్పేసి పోయేవి.

చూసేది అరవం. శుక్రవారం రాత్రి ‘ఒళియుమ్ ఒలియుమ్’ అని సినిమా పాటలు వచ్చేవి, ఆదివారం సాయంత్రం అరవ సినిమా. టీవీ ఉన్న ఇంటి వరండా నిండిపోయి, వాకిలి నిండిపోయి, కిటికీ చువ్వలకు పిల్లలు వేలాడేవాళ్లు. మా వైపు ఆడవాళ్లు చాలామంది అరవం నేర్చుకున్నది అక్కడే. కుప్పం, పలమనేరు వైపు వాళ్లకు బెంగళూరు దగ్గర, 1981లో అక్కడ కేంద్రం వచ్చాక వాళ్లు కన్నడం పట్టుకున్నారు. ఒకే జిల్లా, అప్పటి చిత్తూరు జిల్లా, ఈ కొసన అరవం టీవీ, ఆ కొసన కన్నడం టీవీ, నడిమధ్య ఏదీ రాని ఊళ్లు. తెలుగు మాత్రం యాడా లేదు.

తర్వాత రంగులొచ్చాయి. 1982 ఆగస్టు 15న రంగుల ప్రసారం, ఆ నవంబరులో ఢిల్లీ ఆసియా క్రీడలు. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బీ పైకి పోయింది. ఇక్కడ ఒక మాట. ఇప్పుడు శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలో ఉంది, ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్లు రాకెట్ నమూనా తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టడం మీరు వార్తల్లో చూస్తూనే ఉంటారు. కానీ మన ఇళ్లకు టీవీ తెచ్చిన ఆ ఇన్సాట్ ఇక్కణ్ణుంచి లేవలేదు. అమెరికా స్పేస్ షటిల్లో పోయింది. ఆ ఉపగ్రహం చేతికి వచ్చాక, 1984లో దేశమంతా దాదాపు రోజుకొకటి చొప్పున చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. ఎల్‌పీటీ అంటారు, 100 వాట్లు. ఊరు, ఊరి చుట్టుపక్కల వరకు అందుతుంది. ఆ ఎల్‌పీటీలు ఉపగ్రహం నుంచి పట్టుకునేది ఢిల్లీని. హైదరాబాదులో 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ గారు మొదటి తెలుగు వార్తలు చదివారు. టెలీప్రాంప్టర్ లేని రోజులు, కాగితం ముందుగా బట్టీ పట్టి కెమెరా వైపు చూసి చెప్పేవారట. 2024 ఏప్రిల్లో ఆయన పోయినప్పుడు రాష్ట్రమంతా ఆ గొంతును గుర్తు చేసుకుంది. కానీ ఆ గొంతు ఎల్‌పీటీ కింద ఉన్న ఊళ్లకు అప్పటికప్పుడు రాలేదు. వాళ్లకు వచ్చింది హిందీ. 1987లో ఆదివారం పొద్దున రామాయణం మొదలైతే టౌను క్లబ్బు దగ్గర రోడ్డు ఖాళీ. హిందీ ఒక్క ముక్క రాని ముసలమ్మలు టీవీకి హారతి ఇచ్చారు. కథ తెలుసు కాబట్టి భాష అడ్డం రాలేదు.

ఇంతవరకు చెప్పినదాంట్లో ఒకటి గమనించండి. మద్రాసు చూశాం, బెంగళూరు చూశాం, ఢిల్లీ చూశాం, ఆ తర్వాత హైదరాబాద్ చూశాం. తిరుపతిని చూడలేదు. స్వామివారి బ్రహ్మోత్సవాలప్పుడో, పెద్ద తలకాయ ఎవరైనా కొండకు వచ్చినప్పుడో ఒక నిమిషం కనబడేది. గాంధీ రోడ్డు, కొర్లగుంట, తీర్థకట్ట వీధి టీవీలో కనబడాలంటే దానికి దూరదర్శన్ పనికిరాలేదు. శాటిలైట్ ఛానళ్లు కూడా పనికిరాలేదు. ఆ పని చేసింది కేబుల్ వాడు. నేనివాళ చెప్పాలనుకున్నదల్లా ఆ కేబుల్ వాడి గురించే, మిగతాదంతా దారి.

కేబుల్ వాడు ముందు డెక్కు వాడు. వీడియో క్యాసెట్ ప్లేయర్‌ను మనవైపు డెక్కు అనేవాళ్లు. కలర్ టీవీ, డెక్కు, రెండు మూడు క్యాసెట్లు రిక్షాలో వేసుకొచ్చి రాత్రికి బాడుగకు ఇచ్చి, తెల్లారి తీసుకుపోయేవాడు. పెళ్లింట్లో, పురిటింట్లో, ఎవరింట్లో చుట్టాలు దిగితే వాళ్లింట్లో. ఇంటింటికీ మొయ్యడం దేనికి, ఒకే చోట డెక్కు పెట్టి వైరు లాగితే పోలా అని ఎవరికో తట్టింది. మిద్దె మీద నుంచి మిద్దె మీదికి, కరెంటు స్తంభం నుంచి స్తంభానికి కోయాక్సియల్ వైరు. 1991లో గల్ఫ్ యుద్ధం, స్టార్ టీవీ వచ్చేసరికి ఆ వైరుకు ఒక డిష్ తగిలించారు. 1992లో జీ. 1993 ఏప్రిల్ 14న, అరవ సంవత్సరాది రోజున, సన్ టీవీ. మన జిల్లాలో కేబుల్ కనెక్షన్లు ఎగబడి పెంచింది ఈ సన్ టీవీయే. అరవం అప్పటికే అలవాటు గదా. యాంటెన్నా లేకుండా, కోతి బాధ లేకుండా మద్రాసు ఇంట్లోకి వచ్చేసింది. 1995లో జెమిని, ఆ ఏడు ఆగస్టు 27న ఈటీవీ వచ్చాక గానీ రిమోట్ మీద వేలు తెలుగు వైపుకు మళ్లలేదు.

అదే 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బెంగాల్ క్రికెట్ సంఘం కేసు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కటే వాటికి సొంతదారు కాదు అన్నారు. ఆ ధర్మాసనంలో ముగ్గురు న్యాయమూర్తులు, వారిలో మన తెలుగువారు జస్టిస్ జీవన్‌రెడ్డి గారు. పరీక్షలో ఈ తీర్పు అడుగుతారు, గుర్తు పెట్టుకోండి. కేబుల్ వాడికి ఆ తీర్పు సంగతి తెలీదు. అతనికి తెలిసింది అదే సంవత్సరం వచ్చిన కేబుల్ చట్టం. దాని ప్రకారం హెడ్ పోస్టాఫీసుకు పోయి ఫారం నింపి, ఫీజు కట్టి, పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. దేశంలో టీవీ వ్యాపారానికి లైసెన్సు ఇచ్చింది పోస్టుమాస్టరు గారు! స్టాంపులు అమ్మే కౌంటర్ పక్కనే ఇది కూడా. దూరదర్శన్ ఛానళ్లు తప్పనిసరిగా చూపించాలి, ప్రోగ్రాం కోడ్ దాటకూడదు, దాటితే కలెక్టరో, ఆర్డీవోనో, పోలీసు కమిషనరో వచ్చి సామాను పట్టుకుపోవచ్చు. చట్టం సారం ఇంతే. ఆపరేటర్ తన సొంత ఛానల్ నడుపుకుంటే దాని సంగతి ఏమిటి, అందులో వార్తలు చదవొచ్చా, అనేదానికి విడిగా ఒక పద్ధతి చాలా ఏళ్లు పెట్టలేదు. ఆ సందులోంచే మన లోకల్ ఛానల్ పుట్టుకొచ్చింది.

ఎట్లా పుట్టిందో చూడండి. కంట్రోల్ రూమ్ అంటే మిద్దె మీద ఒక రేకుల గది. డిష్‌ల నుంచి వచ్చే ఛానళ్లు ఒక్కోదానికి ఒక్కో రిసీవర్, దాని బొమ్మను కేబుల్లోకి ఎక్కించే ఒక్కో మాడ్యులేటర్. అన్నీ కలిపి కంబైనర్‌లోకి, అక్కణ్ణుంచి ఊళ్లోకి. ఒక మాడ్యులేటర్ అదనంగా కొని, దానికి డెక్కు తగిలిస్తే అదే మన ఛానల్. అంతే ఖర్చు. మొదట కొత్త సినిమాలు వేశారు, అది దొంగతనమే, కేసులు కూడా పడ్డాయి. ఆ తర్వాత ఒక కెమెరా కొన్నారు. పెళ్లిళ్లు తీసే కుర్రాడే కెమెరామన్. రాత్రి ఏడున్నరకు అరగంట వార్తలు, పొద్దున మళ్లీ అవే. చదివేది బీఈడీ చేసి ఉద్యోగం కోసం చూస్తున్న అమ్మాయి. వెనక నీలం గుడ్డ. ఫ్యాను వేస్తే మైకులో చప్పుడు, ఆపితే చెమట, అందుకని వార్తకూ వార్తకూ మధ్య బొమ్మ వేసినప్పుడు ఫ్యాను వేసుకునేవాళ్లు.

అందులో వచ్చేదేమిటి? కౌన్సిల్ మీటింగులో ఎవరెవరు అరుచుకున్నారో. ఏ వీధికి ఏ రోజు నీళ్లు వదులుతారో. కరెంటు ఎప్పుడు తీస్తారో. పదో తరగతి సర్టిఫికెట్టు బస్సులో పోగొట్టుకున్నవాడి ప్రకటన. కొండకు వచ్చి జనంలో తప్పిపోయిన ముసలాయన ఫొటో. మదనపల్లె మార్కెట్లో టమాటా, దామలచెరువులో మామిడి ధర కింద స్క్రోలింగులో. ప్రకటనలంటే చీరల కొట్లు, ఎంసెట్ కోచింగులు, రేణిగుంట రోడ్డులో ప్లాట్లు, పుత్తూరు కట్టు వైద్యం. పిల్లల పుట్టినరోజు ఫొటోలు వేసేవాళ్లు, అది మంచి రాబడి. ఎవరైనా పోతే శ్రద్ధాంజలి. ఒక్కోసారి పుట్టినరోజు పక్కనే శ్రద్ధాంజలి పడి గొడవయ్యేది.

గంగమ్మ జాతర ఒక్కటి చెప్తాను. చాటింపు పడితే ఊరి వాళ్లు ఆ వారం పొలిమేర దాటి రాత్రి ఉండరు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి, సున్నపు కుండలు, రోజుకో వేషం. ఆఖరి రాత్రి తాతయ్యగుంట గుడి ముందు బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం. తెల్లవారుజామున పేరంటాలు వేషం కట్టిన అతను వచ్చి ఆ విశ్వరూపం చెంప నరుకుతాడు. నరికిన మరుక్షణం జనం ఆ మట్టి మీద పడతారు, చిటికెడైనా ఇంటికి తీసుకుపోవాలని. ఆ తోపులాటలో కెమెరామన్ ఒక గోడ ఎక్కి నిలబడాలి, వైరు కింద ఇద్దరు కాపలా కాయాలి. గుడి దగ్గరి కేబుల్ ట్యాప్ నుంచి వైరు వెనక్కి కంట్రోల్ రూమ్‌కు పంపి లైవ్ ఇచ్చేవాళ్లు. ఉన్నచోటు నుంచే ప్రసారం చేసే ఓబీ వ్యాను అనే మాట తెలీని రోజుల్లో అది లైవ్. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు, నడవలేని పెద్దవాళ్లు మంచంలోంచి చూశారు దాన్ని. “వాడి తల అడ్డమొస్తా ఉండాది, తియ్యమని చెప్పప్పా” అని ఆఫీసుకు ఫోన్లు. ఆ వేషాల వరస, ఎవరి ఇంటి ముందు ఆగుతారు, ఎవరు బియ్యం పోస్తారు, వేషాలు కట్టే కైకాల వంశం వాళ్లకు ఇచ్చే మర్యాద ఏమిటి, ఇవన్నీ ఏ శాటిలైట్ ఛానలూ తియ్యలేదు. వాళ్లకు చెంప నరికే ముప్పై సెకన్లు చాలు.

శాటిలైట్ వాళ్లను తక్కువ చేసి మాట్లాడటం లేదు. వాళ్ల కష్టం వాళ్లది. 2000 దాకా ప్రైవేటు వాళ్లు ఈ దేశం నుంచి సొంతంగా ఉపగ్రహానికి పంపడానికి వీల్లేదు. టేపులు విమానంలో విదేశానికి పంపి అక్కణ్ణుంచి ప్రసారం. ఆ ఏడాది జులైలో నిబంధన మారాక గానీ సొంత అప్‌లింకింగ్ రాలేదు. మరి తిరుపతి వార్త హైదరాబాద్ పోవాలంటే? సాయంత్రం బస్టాండులో హైదరాబాద్ బస్సు డ్రైవరుకు కవరు. కవరు మీద క్యాసెట్ అని రాసి, కింద బస్సు నంబరు. అటువైపు ఒక కుర్రాడు తెల్లారి బస్సు కోసం కాచుకుని ఉంటాడు. బస్సు కర్నూలు దగ్గర చెడిపోతే వార్త కూడా చెడిపోయినట్లే. గరుడ సేవ ఐదో రోజు రాత్రి జరిగితే హైదరాబాద్ ఛానల్లో మరుసటి సాయంత్రం చూసేవాళ్లం. మన లోకల్లో అదే రాత్రి.

ఈ బస్సు క్యాసెట్ కాలం ఎప్పుడు ముగిసిందంటే, నా లెక్కలో 2003 అక్టోబరు 1 సాయంత్రం అలిపిరి దగ్గర. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకుపోతున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గారి కారు మీద క్లేమోర్ మైన్లు పేల్చారు. ఆ రాత్రి దేశమంతా తిరుపతి వైపు చూసింది. తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా ఛానల్ అప్పటికి ఒక్కటీ లేదు. బులెటిన్ వేళ కోసం కాచుకోవాలి. మూడు నెలలు తిరక్కుండా ఈటీవీ-2 వచ్చింది, 2004 మొదట్లో టీవీ9 వచ్చింది. అలిపిరి వల్లే వచ్చాయని నేను అనను, వాటి పని ముందే మొదలై ఉంటుంది. కానీ వచ్చాక మాత్రం తిరుపతిలో ప్రతి ఛానల్‌కూ ఒక మనిషి, ఒక కెమెరా, తర్వాత ఒక ఓబీ వ్యాను తప్పనిసరి అయిపోయాయి. కొండ మీద ఎవరు దర్శనం చేసుకున్నా మహద్వారం బయట మైకుల గుంపు నిలబడటం అప్పుడు మొదలైందే.

2004 అంటే ఇంకోటి ఉంది. ఎన్నికల్లో టీవీ ప్రకటనలకు జిల్లా కమిటీ ముందుగా ఆమోదం ఇవ్వాలని మీరు చదువుకుని ఉంటారు. ఆ కమిటీనే ఎంసీఎంసీ అంటారు. ఆ పద్ధతి పుట్టింది మన రాష్ట్రం నుంచి పోయిన కేసులో. రాజకీయ ప్రకటనలు వెయ్యకూడదన్న కేబుల్ నిబంధనను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పక్కన పెడితే, జెమిని టెలివిజన్ పేరు మీద అది సుప్రీంకోర్టుకు పోయింది. 2004 ఏప్రిల్ 13న కోర్టు ఏమందంటే, వేసుకోండి, ముందు చూపించి ఆమోదం తీసుకోండి అని. గుర్తింపు పొందిన పార్టీలు, పోటీలో ఉన్న అభ్యర్థులు అయితే మూడు రోజుల ముందు, మిగతావాళ్లు ఏడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. శాటిలైట్ ఛానల్‌కూ, వీధి కేబుల్‌కూ అదే రూలు. ఎమ్మెల్యేగా నిలబడినవాడి ఆటో పాటను లోకల్ ఛానల్లో వెయ్యాలన్నా కలెక్టరేట్ మెట్లు ఎక్కాల్సిందే.

2008 జులై 7న తిరుపతికి తన ఛానల్ వచ్చింది. శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్, ఎస్వీబీసీ. అప్పటిదాకా పక్క రాష్ట్రం నుంచి, హైదరాబాద్ నుంచి మన ఊరికి బొమ్మలు వచ్చేవి. ఆ రోజు నుంచి మన ఊరి బొమ్మ ప్రపంచానికి పోవడం మొదలైంది. తర్వాత అరవంలో, 2021లో కన్నడం, హిందీల్లో కూడా పెట్టారు. దాని బలం ఏమిటో కరోనాలో తెలిసింది. 2020 మార్చి 20 నుంచి గుడికి భక్తులను ఆపేశారు. జూన్ దాకా దర్శనం లేదు. ఆ ఏడు బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి, మాడవీధుల్లో వాహనం తిరగలేదు. నాదనీరాజనం వేదిక మీద సుందరకాండ పారాయణం పెట్టి రోజూ చూపించారు. మా పక్కింటావిడ టీవీ ముందు పీట వేసుకుని, పుస్తకం పట్టుకుని, వాళ్లతోపాటు చదివేది. అయితే ఎస్వీబీసీ లోకల్ ఛానల్ అవునా? చిరునామా తిరుపతిదే. కానీ మన వీధికి నీళ్లు ఎప్పుడు వస్తాయో అది చెప్పదు, చెప్పాల్సిన పని దానిది కాదు.

లోకల్ ఛానల్ ఎందుకు చిక్కిపోయిందో త్వరగా చెప్పేస్తాను, టైము చూపిస్తున్నారు. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించి డిజిటల్ చెయ్యమన్నారు. పట్టణాలకు గడువు 2017 జనవరి ఆఖరు దాకా, పల్లెలకు ఆ మార్చి దాకా సాగింది. సెట్‌టాప్ బాక్సు వచ్చింది, బొమ్మ బాగైంది. కానీ అంతకుముందు ఒక మాడ్యులేటర్‌తో అయ్యే పని ఇక అవ్వదు. ఛానళ్లన్నీ పెద్ద ఎంఎస్‌ఓ, అంటే ఎంతోమంది కేబుల్ వాళ్లకు ఛానళ్లు అందించే సంస్థ, దాని హెడ్‌ఎండ్ కేంద్రం నుంచి డిజిటల్‌గా వస్తాయి. మన ఛానల్ అందులో దూరాలంటే ఎన్‌కోడర్ కావాలి, వాళ్ల ఒప్పుకోలు కావాలి, డబ్బు కావాలి. మిద్దె మీది రేకుల గది చేతిలోంచి మీట జారిపోయింది. అటుపైన 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా రాష్ట్ర ప్రభుత్వం వాళ్ల ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదే లాగారు దాని వైరు కూడా, నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను. 2019లో కేబుల్ ధరల మీద రూల్సు పెట్టే ట్రాయ్ సంస్థ కొత్త టారిఫ్, నెలకు 130 రూపాయలు, పన్ను, ఛానళ్ల ధర విడిగా. వీటన్నిటి మధ్య కుర్రాళ్లు ఫోన్లోకి పోయారు. 2021 నవంబరు వానల్లో తిరుపతి వీధుల్లో నీళ్లు పారినప్పుడు, రాయలచెరువు తెగుతుందేమోనని జనం భయపడినప్పుడు, ఊరు చూసింది ఫోన్లోనే. కరెంటు పోతే కేబుల్ ఉన్నా లేనట్లే గదా.

ఛానళ్లు పోతే పోయాయి, వ్యాపారం అన్నాక వస్తాయి, పోతాయి. నాకు బాధ వాటి టేపుల గురించి. నా దగ్గర ఒక మినీ డీవీ క్యాసెట్ ఉంది, తెచ్చాను, చూడండి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. దీని మీద లేబుల్ చదువుతాను. ‘జాతర – మాతంగి’. దాని మీద గీత. కింద ‘కౌన్సిల్ బడ్జెట్’. దాని మీదా గీత. కింద ఆకుపచ్చ స్కెచ్‌తో ‘రిసెప్షన్, టౌన్ హాలు’. గంట టేపు ఇది. క్యాసెట్లు కొనాలంటే డబ్బు, అందుకని వారం తిరిగేసరికి పాతదాని మీదే కొత్తది తీసేవాళ్లం. అందరూ అంతే చేశారు, ఏ ఛానల్ అయినా. ఇట్లా ఒక ఊరి పదిహేను ఇరవై ఏళ్లు ఒకదాని మీద ఒకటి చెరిగిపోయాయి. ఫ్లైఓవర్లు రాకముందు బస్టాండు ముందర ఎట్లా ఉండేదో, మునిసిపాలిటీ కార్పొరేషన్ అయిన 2007లో కౌన్సిల్ హాల్లో ఏం మాట్లాడుకున్నారో, ఇప్పుడు లేని మనుషులు వేషం కట్టి ఎట్లా నడిచేవారో, కదిలే బొమ్మలో చూపించగలిగినవి ఇవే. హైదరాబాదులో వెతికితే దొరకవు, వాళ్లు తియ్యలేదు కాబట్టి.

మిగిలినవి ఉన్నాయి. మూతపడిన ఛానళ్ల వాళ్ల ఇళ్లల్లో అటక మీద, అట్టపెట్టెల్లో. వీహెచ్‌ఎస్‌లకు బూజు పడుతుంది, మన వానాకాలంలో ఇంకా త్వరగా. మీ ప్రాజెక్టుకు టాపిక్ దొరకలేదని మీ సార్ చెప్పారు. ఇదిగో టాపిక్. ఒక్కొక్కరు ఒక్కో వీధి పంచుకోండి. పాత ఆపరేటరు ఎవరని అడగండి. పోగానే టేపులు ఇవ్వమని అడక్కండి, ఇవ్వరు. ముందు ఆయన కంట్రోల్ రూమ్ కథ వినండి. ఆ తర్వాత ఆయనే అటక ఎక్కుతాడు.

ఇంక మీ ప్రశ్నలు.

(ఒక విద్యార్థిని: సార్, ఇప్పుడు మేము లోకల్ ఛానల్ పెట్టాలంటే కుదురుతుందా?)

కుదురుతుందమ్మా. 2022 నవంబరు 30న కేంద్రం ఎంఎస్‌ఓల సొంత ఛానళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్లాట్‌ఫాం సర్వీసెస్ అని పేరు పెట్టారు. మీరు నేరుగా పోలేరు, ఎంఎస్‌ఓ ద్వారా పోవాలి. ఒక్కో ఛానల్‌కు 1,000 రూపాయల ఫీజు, ఆన్‌లైన్లో రిజిస్ట్రేషన్. లోకల్ వార్తలు ఇవ్వాలంటే ఆ ఎంఎస్‌ఓ కంపెనీగా నమోదై ఉండాలి. వాళ్లు మొయ్యగలిగే మొత్తం ఛానళ్లలో ఇలాంటివి నూటికి ఐదు మించకూడదు. రికార్డింగులు 90 రోజులు ఉంచాలన్నారు. తొంభై ఒకటో రోజు చెరిపేసినా ఎవరూ అడగరు, ఆ రూలు రాసినవాళ్లకు ఊరి జ్ఞాపకంతో పనిలేదు. మీరు పెడితే మాత్రం చెరపొద్దు, హార్డ్ డిస్కులు ఇప్పుడు చవక.

(ఇంకో విద్యార్థి: ఆ క్యాసెట్‌లో చివరికి ఏముంది సార్?)

రిసెప్షన్ ఉంటుంది, ఇంకేముంటుంది. (నవ్వులు) అయితే పెళ్లి నలభై నిమిషాలకే అయిపోయి ఉంటే, చివరి ఇరవై నిమిషాల్లో కౌన్సిలో, మాతంగో మిగిలి ఉండొచ్చు. చూడాలంటే దీన్ని తిప్పే క్యామ్‌కార్డర్ కావాలి, అది నా దగ్గర ఉంది, పని చేస్తోంది. కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఫైర్‌వైర్ పోర్టు ఉండే పాత సిస్టమ్ కావాలి. అది దొరకడం లేదు. మీలో ఎవరింట్లోనైనా మూలన పడి ఉంటే పారెయ్యకండి, నాకు చెప్పండి, నేనే వచ్చి తీసుకుపోతాను.